యుద్ధం మీద మీ ప్రతినిధి ఎలా ఓటేశారు?

అమెరికాలో ఓటు హక్కున్న తెలుగువారికి, ఇక్కడి మన సంఘాలను నడిపే పెద్దలకు,

నమస్కారం.

2026 నవంబర్ 3న మధ్యంతర ఎన్నికలు. ప్రతినిధుల సభలోని 435 సీట్లూ, సెనెట్‌లో సుమారు మూడో వంతు సీట్లూ ఆ రోజు ఓటర్ల ముందుకొస్తాయి. ఎన్నికల ఏడాదిలో మన హాళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఎడిసన్, ఫ్రిస్కో, ఆష్‌బర్న్, ఫ్రీమాంట్, ఊరేదైనా పద్ధతి ఒకటే. కాంగ్రెస్‌మన్ గారు వస్తారు, జ్యోతి వెలిగిస్తారు, శాలువా కప్పుతాం, ఫొటోలు దిగుతాం, ఎన్నికల నిధికి చెక్కులు రాస్తాం. ప్రశ్నలకు సమయమిస్తే హెచ్‌1బీ గురించి, గ్రీన్‌కార్డు క్యూ గురించి అడుగుతాం. 21 ఏళ్లు నిండగానే తల్లిదండ్రుల వీసా కింద ఉండే హక్కు పోగొట్టుకునే పిల్లల గురించి అడుగుతాం. ఇవన్నీ తప్పక అడగాల్సినవే. మనవాళ్ల జీవితాలు వాటి మీద ఆధారపడి ఉన్నాయి. కానీ శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన మా ఈస్ట్ బేలో ఇన్నేళ్లుగా ఇలాంటి సభలకు వెళ్తున్నా ఒక ప్రశ్న మాత్రం మనవాళ్ల నోట నేను వినలేదు. యుద్ధం మీద మీరు ఎలా ఓటేశారు? రక్షణ బడ్జెట్ మీద, ఆయుధాల అమ్మకం మీద, ఇతర దేశాలకిచ్చే సాయం మీద మీ ఓటు ఎటు పడింది?

ఆ ప్రశ్న అడగమని కోరడానికే ఈ ఉత్తరం.

మనం ఎందుకు అడగడం లేదో నాకు అర్థమవుతుంది. మనం పెరిగిన చోట ఎంపీ వేసే ఓటుకు విడిగా విలువ తక్కువ. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక పార్టీ విప్‌ను కాదని ఓటేస్తే సభ్యత్వానికే ముప్పు. చాలా బిల్లులు మూజువాణి ఓటుతో గడిచిపోతాయి. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేర్లతో రికార్డు ఉండదు. యుద్ధానికి వెళ్లాలన్నా, మరో దేశంతో ఒప్పందం చేసుకోవాలన్నా కేంద్ర ప్రభుత్వం ముందుగా పార్లమెంటులో ఓటింగ్ పెట్టాల్సిన పని లేదు. విదేశాంగ విధానం మీద లోక్‌సభలో ఉత్కంఠగా లెక్కపెట్టిన ఓటు ఏదంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది 2008 జూలై 22. అమెరికాతో అణు ఒప్పందం నచ్చక వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకుంటే, మన్మోహన్ సింగ్ ప్రభుత్వం 275–256 ఓట్లతో గట్టెక్కిన రోజది. అలాంటివి అరుదు కాబట్టే నాయకుడిని పార్టీని బట్టి, కులాన్ని బట్టి, ఊరికి చేసిన పనిని బట్టి చూడటం మనకు అలవాటైంది. సభలో వేసిన ఓట్లు తిరగేసి చూడటం అలవాటు కాలేదు.

ఇక్కడ సంగతి వేరు. యుద్ధం ప్రకటించే అధికారం రాజ్యాంగం మొదటి అధికరణం ఎనిమిదో సెక్షన్ ప్రకారం కాంగ్రెస్‌ది. పార్టీ మాట కాదన్న సభ్యుడికి కమిటీ పదవి పోవచ్చు, తర్వాతి ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, పోటీ ఎదురుకావచ్చు, సీటు మాత్రం పోదు. ముఖ్యమైన ఓట్లలో చాలావాటికి పేరుపేరునా రికార్డు ఉంటుంది. కాబట్టి ఆ ఓటు పార్టీది అని తప్పించుకునే వీలు లేదు. అది ఆ మనిషి ఓటు. దానికి జవాబు చెప్పాల్సింది కూడా ఆ మనిషే.

ఒక రికార్డును దగ్గరగా చదివితే ఎంత తెలుస్తుందో చూపించడానికి బార్బరా లీ రికార్డును ఎంచుకున్నాను. ఓక్లండ్, బర్కిలీ ప్రాంతానికి 1998 ఏప్రిల్ నుంచి 2025 జనవరి మొదటి వారం వరకు ఆమె ప్రతినిధి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఓక్లండ్ మేయర్‌గా ఎన్నికయ్యారు. ఆమెను మీరు మెచ్చుకోవాలని నా పట్టు కాదు. నేను మెచ్చుకుంటాను, దాచుకోను. కానీ ఆమెతో విభేదించేవాళ్లు కూడా ఆమె ఎక్కడ నిలబడ్డారో క్షణంలో చెప్పగలరు. మన సభలకు వచ్చే ప్రతినిధుల గురించి మనం ఆ మాత్రం చెప్పగలగాలి.

ఆమె 1946లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో పుట్టారు. తండ్రి సైనికాధికారి, రెండో ప్రపంచ యుద్ధంలోనూ కొరియాలోనూ పనిచేశారు. 1972లో షెర్లీ చిషోమ్ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీ పడినప్పుడు ఆ ప్రచారంలో పనిచేసి రాజకీయాల్లోకి వచ్చారు. తర్వాత ఓక్లండ్ ప్రతినిధి రాన్ డెలమ్స్ ఆఫీసులో ఏళ్లతరబడి ఉద్యోగం, 1990 నుంచి కాలిఫోర్నియా శాసనసభల్లో సభ్యత్వం. డెలమ్స్ రాజీనామా చేయడంతో వచ్చిన ఉపఎన్నికలో గెలిచి వాషింగ్టన్ చేరారు. ఏడాది తిరక్కుండానే, 1999 మార్చిలో, యుగోస్లావియా మీద నాటో బాంబుదాడులు మొదలైన రోజున ఆ చర్యలో పాల్గొంటున్న సైనికులకు మద్దతు పలికే తీర్మానం సభ ముందుకొచ్చింది. 424 మంది అవునన్నారు. కాదన్నది ఆమె ఒక్కరే. 2001లో ఆమె వేసిన ఓటు ఏదో ఆవేశంలో పడింది అనేవాళ్లు ఈ 1999 ఓటును చూడలేదు.

2001 సెప్టెంబర్ 14, శుక్రవారం. సెప్టెంబర్ 11 దాడులు జరిగి మూడు రోజులే అయింది. పెంటగన్ దగ్గర, న్యూయార్క్‌లో శిథిలాల కింద ఇంకా వెతుకుతున్నారు. సభ ముందుకొచ్చిన తీర్మానంలో కీలకమైన భాగం మొత్తం 60 పదాలు. దాడులకు ప్రణాళిక వేసినవాళ్లు, ఆదేశించినవాళ్లు, చేసినవాళ్లు, సాయం చేసినవాళ్లు, వాళ్లకు ఆశ్రయమిచ్చినవాళ్లు ఎవరైనా సరే, దేశాలైనా సంస్థలైనా వ్యక్తులైనా సరే, వాళ్ల మీద అధ్యక్షుడు అవసరమైన బలమంతా వాడవచ్చు. ఎవరు బాధ్యులో నిర్ణయించేది కూడా అధ్యక్షుడే. ఏ దేశం అన్నది లేదు, ఎప్పటిదాకా అన్నది లేదు.

ఆ రోజు మధ్యాహ్నం వాషింగ్టన్ నేషనల్ కెథడ్రల్‌లో సంతాప ప్రార్థన జరిగింది. అక్కడికి వెళ్లేదాకా ఎలా ఓటేయాలో తేల్చుకోలేకపోయానని ఆమె తర్వాత చెప్పారు. కెథడ్రల్ డీన్ నేథన్ బ్యాక్స్‌టర్ తన ప్రార్థనలో, చర్య తీసుకునేటప్పుడు మనం ఖండిస్తున్న చెడుగా మనమే మారిపోకూడదన్న మాట అన్నారు. రాత్రి సభలో ఆమె కన్నీళ్లు ఆపుకుంటూ ఆ మాటే తిరిగి చెప్పి, కాదని ఓటేశారు. సెనెట్‌లో 98–0. సభలో 420–1. పేరుపేరునా నమోదైన ఆ ఓటు రోల్ కాల్ నంబర్ 342, ఇప్పుడైనా తీసి చూడవచ్చు.

ఆమె బాధితుల పక్షాన లేరని ఆ రోజుల్లో చాలామంది తిట్టారు. నిజం ఇది: అదే రోజు సహాయానికి, పునర్నిర్మాణానికి, భద్రతకు 4,000 కోట్ల డాలర్లు కేటాయించే బిల్లు సభలో 422–0తో గెలిచింది, దానికి ఆమె అవునన్నారు. కాదన్నది పరిమితి లేని అధికారానికి మాత్రమే. 1964లో టాంకిన్ తీర్మానం ఇలాగే అధ్యక్షుడు లిండన్ జాన్సన్ చేతికి వియత్నాం యుద్ధాన్ని అప్పజెప్పిందని ఆమె గుర్తుచేశారు. ఆనాడు సెనెట్‌లో కాదన్నవాళ్లు ఇద్దరే, వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్. 1968లో ఇద్దరూ సీట్లు పోగొట్టుకున్నారు. చావు బెదిరింపులు రావడంతో బార్బరా లీకి పోలీసు రక్షణ పెట్టాల్సి వచ్చింది. అయినా 2002లో ఆమె నియోజకవర్గం 80 శాతానికి పైగా ఓట్లతో ఆమెను తిరిగి పంపింది. ఆ ఫలితాన్ని నేను తరచూ తలుచుకుంటాను. ఆమె ధైర్యం ఎంత గొప్పదో, దాన్ని చదివి, ఆలోచించి, నిలబెట్టిన ఓటర్ల పని కూడా అంత గొప్పది.

ఆ 60 పదాలు తర్వాత ఎంత దూరం వెళ్లాయో చూడండి. అఫ్గానిస్థాన్‌లో 20 ఏళ్లు. అక్కడి నుంచి యెమెన్, సొమాలియా, సిరియా. బుష్, ఒబామా, ట్రంప్, బైడెన్, నలుగురు అధ్యక్షులూ అదే తీర్మానాన్ని ఆధారంగా చూపించారు. అల్ ఖైదాతో తెగతెంపులు చేసుకుని దానితోనే పోరాడిన ఐసిస్ మీద యుద్ధానికి కూడా 2001 నాటి ఆ పదాలే సరిపోయాయి. 9/11 తర్వాతి యుద్ధాల్లో నేరుగా చనిపోయినవారు సుమారు 9 లక్షల మంది, ఖర్చు 8 లక్షల కోట్ల డాలర్లు అని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో అంచనా వేశారు. ఇదంతా ఒక్క ఓటుతోనే జరిగిందని అనను. కానీ ఆ తర్వాత ఏ అధ్యక్షుడికీ కొత్తగా అడగాల్సిన అవసరం రాకుండా చేసింది ఆ ఓటే.

2002 అక్టోబర్‌లో ఇరాక్ తీర్మానం వచ్చింది. యుద్ధానికి బదులు ఐక్యరాజ్యసమితి తనిఖీలతో, దౌత్యంతో ముందుకెళ్దామని ఆమె సవరణ పెట్టారు. 72 మంది అవునన్నారు, 355 మంది కాదన్నారు. అసలు తీర్మానం 296–133తో గెలిచింది. ఏ ఆయుధాల పేరు చెప్పి వెళ్లారో అవి అక్కడ దొరకలేదు. సద్దాం హుస్సేన్ ప్రభుత్వం కోసం రాసిన ఆ తీర్మానాన్నే 2020 జనవరిలో బాగ్దాద్‌లో ఇరాన్ జనరల్ ఖాసిం సులేమానీని చంపినప్పుడు కూడా ఒక చట్టపరమైన ఆధారంగా ప్రభుత్వం చూపింది. పాత ఓట్లు చచ్చిపోవు. మీ ప్రతినిధి పాత ఓటు గురించి అడిగితే, అయిపోయిన విషయం ఎందుకని ఎవరైనా అంటే, ఈ ఉదాహరణ చెప్పండి.

ఓడిపోయిన చోట ఆమె ఆగిపోలేదు. ఈ రికార్డులో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే, ఎందుకంటే ఇది వార్తల్లోకి రాని పని. ఆ తీర్మానాలను రద్దు చేసే బిల్లులు సభ తర్వాత సభలో పెడుతూ పోయారు. తోడుగా నిలిచినవారిలో నార్త్ కరోలినా రిపబ్లికన్ వాల్టర్ జోన్స్ ఒకరు. ఆయన 2002లో ఇరాక్ యుద్ధానికి అవునని ఓటేసిన మనిషి. తర్వాత మనసు మార్చుకుని, చనిపోయిన సైనికుల కుటుంబాలకు వేల ఉత్తరాలు స్వయంగా సంతకం పెట్టి పంపారు. రికార్డులో ఇలాంటి మలుపులు కూడా ఉంటాయి. వాటికీ మర్యాద ఇవ్వాలి.

2017 జూన్‌లో కేటాయింపుల కమిటీలో ఆమె పెట్టిన రద్దు సవరణ రెండు పార్టీల మద్దతుతో గెలిచింది. గదిలో చప్పట్లు కొట్టారు. కొన్ని వారాలకే, బిల్లు సభకు వచ్చే ముందు, నాయకత్వం ఆ సవరణను బిల్లులోంచి తీసేసింది. 2021 జూన్‌లో 2002 ఇరాక్ తీర్మానం రద్దుకు ప్రతినిధుల సభ 268–161తో ఓటేసింది, 49 మంది రిపబ్లికన్లు కలిశారు. 2023 మార్చిలో సెనెట్ 66–30తో అవునంది కానీ ఆ కాంగ్రెస్ కాలపరిమితి ముగిసేలోపు ప్రతినిధుల సభ దాన్ని పూర్తి చేయలేదు. చివరికి 1991, 2002 ఇరాక్ తీర్మానాలు రెండూ 2025 డిసెంబర్‌లో రక్షణ విధాన చట్టంతో కలిసి రద్దయ్యాయి. అప్పటికి ఆమె సభలో లేరు. 2001 నాటి 60 పదాలు మాత్రం ఆ రద్దులో చేరలేదు.

ఆమె ప్రతిదానికీ కాదంటారని కొందరి అభిప్రాయం. రికార్డు అలా చెప్పదు. రక్షణ బడ్జెట్‌ను 10 శాతం తగ్గించాలన్న సవరణ మీద 2020 జూలైలో పోరాడి 93–324తో ఓడిన మనిషే, 2024 ఏప్రిల్‌లో ఉక్రెయిన్‌కు సైనిక సాయం ఇవ్వడానికి అవునన్నారు. అదే వారాంతంలో ఇజ్రాయెల్ సాయం బిల్లుకు కాదన్నారు. అంతకుముందు 2023లో ఉక్రెయిన్‌కు క్లస్టర్ బాంబులు పంపడాన్ని వ్యతిరేకించారు. ఇరాక్ యుద్ధం మీద బుష్‌ను గట్టిగా ఎదిరించిన ఆమే, అదే 2003లో అదే బుష్ సంతకం చేసిన ఎయిడ్స్ నివారణ సాయం కార్యక్రమానికి చట్టం రాసినవారిలో ఒకరు. పెప్‌ఫార్ అని పిలిచే ఆ కార్యక్రమం ఎక్కువగా ఆఫ్రికాలో, 2 కోట్ల 50 లక్షల ప్రాణాలు కాపాడిందని అమెరికా ప్రభుత్వమే లెక్క చెప్పింది. 2021 నుంచి 2023 వరకు విదేశీ సాయానికి డబ్బు కేటాయించే సబ్‌కమిటీకి ఆమె అధ్యక్షురాలు. విదేశాంగ విధానం అంటే బాంబులు వేయడం, వేయకపోవడం మాత్రమే కాదని, మందులకు డబ్బు పంపడం కూడా అందులో భాగమేనని ఈ రికార్డు చూస్తేనే నాకు స్పష్టంగా అర్థమైంది.

ఇప్పుడు మనకు కష్టమైన ఓటు దగ్గరికి వద్దాం. భారత్–అమెరికా పౌర అణు ఒప్పందం. ఆ రోజుల్లో భారతీయ సంఘాలన్నీ కాంగ్రెస్ ఆఫీసుల చుట్టూ తిరిగాయి, ఫోన్లు చేశాయి, మనవాళ్లు రాజకీయంగా ఒక్కటై పనిచేసిన తొలి పెద్ద సందర్భం అది. 2006 జూలైలో ప్రతినిధుల సభ దాన్ని 359–68తో ఆమోదించింది. ఆ 68 మందిలో బార్బరా లీ ఉన్నారు. 2008 సెప్టెంబర్‌లో తుది ఆమోదం 298–117తో వచ్చినప్పుడూ ఆమె వ్యతిరేకంగానే మాట్లాడి, వ్యతిరేకంగానే ఓటేశారు. అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందం మీద సంతకం చేయని దేశానికి మినహాయింపు ఇస్తే ఆ ఒప్పందమే బలహీనపడుతుందన్నది ఆమె వాదన.

ఈ ఓటుతో నేను ఏకీభవించను. భారత్ ఎవరికీ అణు రహస్యాలు అమ్మలేదు, దాన్ని బయటే నిలబెట్టడం అన్యాయమని నా నమ్మకం. కానీ ఆమె ఎందుకు కాదన్నారో నాకు తెలుసు. 2006లో ఏ సూత్రం మీద నిలబడ్డారో 2008లో దానికి కట్టుబడే ఉన్నారని కూడా తెలుసు. అదే ఒప్పందం కింద శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అమెరికన్ రియాక్టర్లు ఆరు వస్తాయన్నారు. భూములిచ్చిన మత్స్యకార కుటుంబాలు ఏళ్లతరబడి ఎదురుచూశాయి, రియాక్టర్ రాలేదు. వాషింగ్టన్‌లో పడే ఓటు రణస్థలం మండలం దాకా వస్తుందని గుర్తుంచుకోవడానికి ఈ ఒక్క ఊరు చాలు. మన ఇష్టానికి తగ్గట్టు ఓటేసినవాళ్లను మాత్రమే గౌరవించడం కాదు నేను అడుగుతున్నది. ఎందుకు అలా ఓటేశారో చెప్పగలిగినవాళ్లను గౌరవిద్దాం. మనం కూడా అడగగలిగినవాళ్లమవుదాం.

ఇదంతా మనకెందుకు, వలస వచ్చినవాళ్లం, మన పని మనం చూసుకుందాం అనే మాట మన ఇళ్లలో తరచూ వింటాను. పెద్దలు అనేది భయంతోనే అని నాకు తెలుసు. కానీ పౌరసత్వం తీసుకున్న రోజు మనం చేసిన ప్రమాణంలో, చట్టం కోరితే ఈ దేశం తరఫున ఆయుధం పడతామన్న మాట ఉంది. 18 ఏళ్లు నిండిన మన మగపిల్లల పేర్లు సెలెక్టివ్ సర్వీసులో, అంటే అవసరమైతే సైన్యానికి పిలిచే జాబితాలో, ఉంటాయి. మన పన్నుల్లో పెద్ద భాగం పెంటగన్‌కు వెళ్తుంది. ఇందులో మనం బయటివాళ్లం కాదు.

గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ల సంగతి చూసినా అంతే. 1991 జనవరి 12న గల్ఫ్ యుద్ధానికి ప్రతినిధుల సభ 250–183తో, సెనెట్ 52–47తో అనుమతి ఇచ్చాయి. సెనెట్‌లో ముగ్గురు అటు మారితే ఫలితం తారుమారయ్యేది. సద్దాం ఆక్రమణతో కువైట్‌లో చిక్కుకుని, అప్పటికే అంతా వదిలేసి అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో వెనక్కి వచ్చిన లక్షా డెబ్బై వేల మంది భారతీయుల్లో కడప జిల్లావాళ్లు, గోదావరి జిల్లాలవాళ్లు ఎందరో ఉన్నారు. గల్ఫ్‌లో మళ్లీ పని దొరుకుతుందా, లేదా అన్నది వాళ్లు తేల్చుకునేది కాదు. రాజంపేటలో, అమలాపురంలో, జగిత్యాలలో, ఆర్మూర్‌లో ఈ రోజుకీ గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు మీద నడిచే ఇళ్లున్నాయి. పశ్చిమాసియాలో యుద్ధమంటే ఆ ఇళ్లలో ముందు టెన్షన్ మొదలవుతుంది. 2025 జూన్‌లో ఇరాన్ అణు కేంద్రాల మీద అమెరికా బాంబులు వేసింది, కాంగ్రెస్‌లో ముందుగా ఓటింగ్ లేదు. తర్వాత అధ్యక్షుడి యుద్ధాధికారాన్ని కట్టడి చేసే తీర్మానం సెనెట్‌లో 47–53తో ఓడిపోయింది. మీ సెనెటర్లిద్దరూ ఎటు ఓటేశారో ఎవరినైనా అడిగి చూడండి. మన అసోసియేషన్ల కార్యవర్గాల్లో ఎంతమంది చెప్పగలరు?

ఇక మన గడప దగ్గర జరిగింది. 2001 సెప్టెంబర్ 15న, ఆ ఓటు పడిన మర్నాడే, అరిజోనాలోని మెసాలో తన పెట్రోల్ బంకు ముందు పూలమొక్కలు చూసుకుంటున్న ఒక సిక్కు సోదరుణ్ణి తలపాగా చూసి కాల్చి చంపారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేథ్‌లో, ఆఫీసు అయ్యాక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒక నౌకాదళ మాజీ ఉద్యోగి కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు. తాను ఇద్దరు ఇరానియన్లను కాల్చానని ఆ హంతకుడు తర్వాత చెప్పుకున్నాడు. ఆ వారం మన ఊళ్లలో కొవ్వొత్తులు వెలిగించాం, అమ్మానాన్నలు బయట తెలుగులో మాట్లాడొద్దని ఫోన్లలో బతిమాలారు. మేం ఇరానియన్లం కాదు అని చెప్పుకోవడం దీనికి జవాబు కాలేదు, కాకూడదు కూడా. ఇరానియన్ అయితే చంపవచ్చా? దేశం దేశాన్నే శత్రువుగా చూపించే మాటలు కాంగ్రెస్‌లో ఎవరు అన్నారు, వాటికి ఎవరు అడ్డుపడ్డారు అన్నది మనకు తెలియాల్సిన విషయం.

ఇలాంటి ప్రశ్నలడిగితే రేపు వీసా పనికి తలుపు తీయరేమో అని కొందరు పెద్దలు నాతో అన్నారు. నాకు అలా అనిపించదు. ఓటు తెలిసిన ఓటరుకు ప్రతినిధి ఆఫీసు ఎక్కువ విలువిస్తుంది. శాలువా మాత్రమే కప్పేవాళ్లు ఎలాగూ వాళ్లవైపే ఉంటారని వాళ్లకు తెలుసు.

రికార్డు చదవడంలో కొన్ని మెలికలున్నాయి, అవి తెలియకపోతే మోసపోతాం. ప్రతినిధుల సభ క్లర్క్ వెబ్‌సైట్‌లో రోల్ కాల్ ఓట్లన్నీ తేదీల వారీగా ఉంటాయి, సెనెట్‌వి సెనెట్ సైట్‌లో. ఏటా వచ్చే రక్షణ విధాన చట్టం వందల పేజీల బిల్లు. సైనికుల జీతాల పెంపు నుంచి అణు జలాంతర్గాముల దాకా అన్నీ అందులోనే ఉంటాయి. దానికి అవునన్నారు కాబట్టి యుద్ధప్రియులని, కాదన్నారు కాబట్టి సైనికుల వ్యతిరేకులని తేల్చేయకూడదు. సవరణల మీద వేసిన ఓట్లు చూడండి, మనిషి అక్కడ బయటపడతాడు. యుద్ధాధికారాల తీర్మానాల మీద వేసిన ఓట్లు ఇంకా ముఖ్యం. ఉదాహరణకు 2019లో యెమెన్ యుద్ధంలో సౌదీకి అమెరికా ఇస్తున్న మద్దతు ఆపాలని సెనెట్ 54–46తో, సభ 247–175తో తీర్మానించాయి, ట్రంప్ వీటో చేశారు. ఆ ప్రయత్నాన్ని నడిపినవారిలో సిలికాన్ వ్యాలీ ప్రతినిధి రో ఖన్నా ఒకరు. ఓటు రోజున గైర్హాజరైనవాళ్లనూ, హాజరు మాత్రమే వేయించుకుని ఎటూ ఓటేయనివాళ్లనూ ఎందుకని అడగండి. 2017లో బార్బరా లీ సవరణకు జరిగినట్టు, ఓటింగే లేకుండా మాయమయ్యేవి కూడా ఉంటాయి. అప్పుడు బిల్లుకు సహ ప్రతిపాదకుల జాబితాలో మీ ప్రతినిధి పేరుందో లేదో చూడాలి.

సంఘాల పెద్దలను నేను కోరేది ఇంతే. ఈ ఎన్నికల లోపు మీ వేదిక ఎక్కే ప్రతి అభ్యర్థి గురించి, ఏ పార్టీ అయినా సరే, ఒక పేజీ తెలుగులో తయారు చేయించండి. ఇప్పటికే పదవిలో ఉన్నవారైతే 2001 తీర్మానం రద్దు మీద వారి మాటేమిటి, ఇరాన్ మీద, యెమెన్ మీద, ఉక్రెయిన్, ఇజ్రాయెల్ సాయం మీద ఏ తేదీన ఎటు ఓటేశారు, భారత్ గురించి ఏ బిల్లుకు సంతకం పెట్టారు అన్నవి ఉంటే చాలు. కొత్త అభ్యర్థి అయితే అవే ప్రశ్నలు రాతలో పంపి జవాబు అడగండి. జవాబు ఇవ్వకపోతే ఆ ఖాళీని ఖాళీగానే అచ్చు వేయండి. హాల్లో కుర్చీల మీద పెట్టండి, వాట్సాప్ గ్రూపుల్లో పంపండి, సీనియర్ సిటిజన్ క్లబ్బుల్లో చదివి వినిపించండి. మన కాలేజీ పిల్లలకు ఈ పని అప్పగిస్తే ఒక సాయంత్రంలో చేసేస్తారు. ఎవరికి ఓటేయాలో సంఘం చెప్పకూడదు. ఎలా ఓటేశారో మాత్రం తెలియాలి.

ప్రశ్నల సమయంలో మొదటి మైకు వీసా ప్రశ్నకే ఇవ్వండి, అభ్యంతరం లేదు. రెండోది యుద్ధం ప్రశ్నకు ఇవ్వండి. మా ఈస్ట్ బే ప్రతినిధుల పేజీలు నేను రాయడం మొదలుపెట్టాను. వేరే నియోజకవర్గాల్లో ఈ పని చేయాలనుకునేవారికి ఏ ఓట్లు చూడాలో, ఎక్కడ వెతకాలో చూపించడానికి సిద్ధంగా ఉన్నాను. చాలా రాష్ట్రాల్లో పోస్టల్ బ్యాలెట్లు అక్టోబర్ మొదట్లోనే ఇళ్లకు వస్తాయి కాబట్టి సెప్టెంబర్ కల్లా ఆ పేజీలు అందరి చేతిలో ఉండాలి.

ఇట్లు,
ఈస్ట్ బే నుంచి ఒక తెలుగు ఓటరు